ఒండీనా వదిన వాన నడక

మా ఆడపడుచు ఒండీనాకి పిచ్చి అని మా ఊరు వల్మారాలో అందరికీ తెలుసు. ఆ మాట మొట్టమొదట అన్నది నేనే కాబట్టి మళ్ళీ అనడానికి నాకేం మొహమాటం లేదు. లోకంలో ఎవరైనా సరే, పిల్లల్ని పాత కట్టడాలు చూపించడానికి తీసుకెళ్ళాలంటే ఎండ కాసే రోజు చూసుకుంటారు. ఈవిడ వాన కోసం కాచుకుని కూర్చుంటుంది. నాలుగు చినుకులు పడ్డాయంటే చాలు, బడికి ఫోను కొడుతుంది. "పంపించండమ్మా పిల్లల్ని, ఇవాళ నడక!" తల్లులు గొణుక్కుంటూ పిల్లలకి రబ్బరు బూట్లు తొడుగుతారు. మా ఊళ్ళోని రోమన్ల శిథిలాలన్నీ తిరిగి, తడిసి ముద్దయి, ఆ మందంతా వచ్చి పడేది వాటి గేటు పక్కనున్న నా కాఫీ కొట్లో. వాళ్ళు వెళ్ళాక బురద కడగలేక నా నడుం పడిపోయేది.

"ఏం వదినా, నీ రోమన్లకి గొడుగులు తెలీవా?" అనేదాన్ని.

"నీ నాలుకకున్న పదును నీ కత్తికుంటే ఆ రొట్టె ఇంకాస్త సన్నగా తెగేది, జిజెత్తా. పిల్లలకి చాక్లెట్ పాలు పొయ్యి, ముందు" అనేది. జిజెత్తా అన్నది నా పేరు. ఆవిడ మా ఆయన తుల్లియోకి అక్క కదా, ఆ మాత్రం పెత్తనం ఉంటుంది.

వాన ఎందుకంటే, దానికో కథ ఉంది. మా మావగారు బెర్తో ఆ శిథిలాలకి కాపలాదారు. అక్కడ ఓడలున్న షావుకారు ఒకడి ఇల్లు ఉండేదట. గోడలు మోకాలెత్తు మిగిలాయి గానీ నేల మాత్రం నిలిచింది. చిన్న చిన్న రంగురాళ్ళు పొదిగి నేలంతా సముద్రం చేసిపెట్టారు మహానుభావులు. చేపలు, రొయ్యలు, ఒక ఆక్టోపస్, ఒక అంచుకి దగ్గరగా పచ్చకన్ను చేప. కానీ పొడిగా ఉన్నప్పుడు చూస్తే బూడిద చల్లినట్టే ఉంటుంది. తడి తగిలితేనే రంగు లేస్తుంది. ఆ రోజుల్లో కాపలావాళ్ళందరూ చేసే పనే మావగారూ చేసేవారు. పట్నం నుంచి ఎవరైనా పెద్దమనిషి వస్తే చాలు, పక్క బావిలోంచి బొక్కెనెడు నీళ్ళు తోడి నేల మీద కుమ్మరించేవారు. పెద్దమనిషి "ఆహా!" అనేవాడు. మావగారు మీసం దువ్వుకునేవారు.

మాది ఉప్పుకయ్య ఒడ్డున, సముద్రపు నీళ్ళు లోపలికొచ్చి నిలిచే చోట ఉన్న ఊరు. మా బావినీళ్ళు నోట్లో పోసుకుంటే ఉమ్మేయాల్సిందే. ఆ ఉప్పు ఏళ్ళ తరబడి రాళ్ళ సందుల్లో చేరింది, తెల్లగా పొంగింది. ఒక చలికాలం ఆక్టోపస్ చెయ్యి ఒకటి ఊడి గులకరాళ్ళలా దొర్లిపోయింది. మావగారు హడలిపోయి, ఎవరికీ చెప్పకుండా అక్కడ సిమెంటు మెత్తారు. ఆ బోడి మచ్చ ఇప్పటికీ ఉంది. అప్పటికి ఒండీనా వదిన పొట్టి గౌన్లు వేసుకునే పిల్ల. తండ్రికి బొక్కెన అందించే పని తనదే. ఆ సిమెంటు చూసి ఏడ్చి ఏడ్చి ఒట్టు పెట్టుకుందట. ఆ నేల మీద నీళ్ళు పోస్తే ఆకాశమే పొయ్యాలి, మనిషి పొయ్యకూడదు అని. అదీ వాన నడక వెనకున్న కథ.

కిందటేడు ఆ ఆకాశమే మొండికేసింది. వేసవంతా ఎండగొట్టింది. శరత్తులోనైనా కురుస్తుందనుకుంటే కొండల మీంచి బోరా గాలి దిగింది. అది దిగిందంటే మబ్బనేది నిలవదు. ఉన్న నాలుగు మబ్బుల్నీ సముద్రం మీదికి తోలేసి, మన పెంకులు కూడా లేపుకుపోతుంది. బడి పిల్లలు సెప్టెంబరు నుంచీ అడుగుతున్నారు. నవంబరు చివరికొచ్చినా చినుకు లేదు.

మామూలు ఏడాదైతే ఇంత బాధ లేదు. ఏటా గడ్డ కట్టే చలి మొదలయ్యే ముందు తుల్లియో ఆ నేల మీద ఇసుక కప్పుతాడు. మావగారి తర్వాత ఆ ఉద్యోగం ఈయనకే వచ్చింది. వసంతం రాగానే ఇసుక తీసేస్తాడు. కానీ ఈసారి పైవాళ్ళు కొత్త మాట చెప్పారు. ఆ ఇంటికి పైకప్పు కట్టిస్తారట, కట్టేదాకా ఇసుక తియ్యకూడదట. మా దేశంలో పైకప్పు కట్టడమంటే ఎన్నేళ్ళ పనో ఆ దేవుడికే తెలియాలి.

ఇక రెండో సంగతి ఒండీనా వదిన నాకొక్కదానికే చెప్పింది. ఓ మధ్యాహ్నం కొట్లో ఎవరూ లేనప్పుడు వచ్చి, బల్ల మీద చేతులు పెట్టుకుని కూర్చుంది.

"ట్రియెస్ట్‌లో కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చానే."

"ఏమన్నాడు?"

"ఎదురుగా కనిపించేదంతా పోతుందట. చుట్టూ అంచులు మాత్రం మిగులుతాయట. వేసవికల్లా."

"మందులిస్తాడుగా?" అన్నాను.

"ఇచ్చాడులే. ఆలస్యంగా వచ్చానన్నాడు." కళ్ళద్దాలు తీసి, హా అని ఆవిరి ఊది, మెడలో గుడ్డతో తుడుచుకుంది. కొన్ని నెలలుగా అదే పని. అద్దాలు మసకగా ఉన్నాయనుకుని రోజంతా ఊదడం, తుడవడం. మసక అద్దాల్లో లేదని ఆ రోజే నాకు తెలిసింది. "ఒక్కసారి ఆ నేల రంగుల్లో చూడాలి పిల్లా. ఆ పచ్చకన్ను చూస్తే చాలు, తర్వాత ఏమైతే అదవుతుంది. ఇసుక పడేలోపు వాన రావాలి. తుల్లియోకి చెప్పావంటే మాత్రం నీ కొట్లో ఇంక కాఫీ తాగను."

"తాగకపోతే పీడా విరగడవుతుంది" అన్నాను. వెనక్కి తిరిగి కప్పులు కడగడం మొదలుపెట్టాను. కడిగినవే మళ్ళీ కడిగాను.

ఇసుక కప్పే రోజు రానే వచ్చింది. ఆ రాత్రి నుంచి నీళ్ళు గడ్డ కట్టే చలి అని రేడియోలో చెప్పారు, ఇక ఆగడానికి లేదు. పొద్దున్నే తలుపు తీసి చూద్దును కదా, బోరా ఆగిపోయింది. చెట్టు ఆకు కదలడం లేదు. ఉప్పుకయ్య మీంచి పొగమంచు లేచి ఊరంతా తెల్లగా కమ్మేసింది. వాన మాత్రం లేదు. గేటు దగ్గర, వదిన ఫోను కొట్టి రప్పించిన మూడో తరగతి పిల్లలు రబ్బరు బూట్లలో నిలబడి ఆవులిస్తున్నారు. వాళ్ళ టీచరమ్మ ముక్కు చీదుకుంటోంది.

"వాన లేదుగా ఒండీనత్తా!" అంది జెమ్మా. చేపల బజారు ఫాబ్రిస్ మనవరాలు అది. ఆ పిల్ల గొంతు వింటే వేలంపాట జరుగుతోందేమో అనిపిస్తుంది.

"లేకపోతే పోయింది. మంచుంది చాలదా? రండి" అంది వదిన. తర్వాత నా చెయ్యి పట్టుకుంది. "జిజెత్తా, ఇవాళ నువ్వు నా పక్కన నడువు."

ఆ గేటు పక్కన ఇన్నేళ్ళు బతికాను గానీ, తుల్లియోకి అన్నం క్యారేజీ ఇచ్చి రావడం తప్ప లోపల ఏముందో ఒకనాడూ చూసిన పాపాన పోలేదు. "నా మొహం, ఆ రాళ్ళలో నాకేం పని" అందామనుకున్నాను. ఆ చేతి పట్టు చూసి నోరు మూసుకుని ఏప్రన్‌తోనే బయల్దేరాను.

మంచులో నడిచేటప్పుడు మా చేపల వేటగాళ్ళకో పద్ధతుంది. అందరూ ఒకే తాడు పట్టుకుంటారు. వదిన పాత వలతాడు ఒకటి తెచ్చి పిల్లలందరి చేతా పట్టించింది. ముందు తను, పక్కన నేను, చివర టీచరమ్మ. కొంచెం దూరం వెళ్ళేసరికి వెనకవాళ్ళు కనిపించడం మానేశారు. తాడు మాత్రం చేతిలో బతికున్నట్టు కదులుతోంది.

"ఇప్పుడు కింద చూడండి. రాళ్ళ మీద గాడులున్నాయా? అవి బండి చక్రాలవి. ఎంతమంది తిరిగితే రాయి అరిగిందో. కాళ్ళు వాటిల్లో పెట్టి నడవండి. మాట్లాడకండి. బళ్ళు వస్తే పక్కకి తప్పుకోండి."

"రోమన్ల బళ్ళా? ఇప్పుడా?" అంది జెమ్మా.

"మంచులో ఏ కాలం బండి వస్తుందో ఎవరికి తెలుసే?"

పిల్లలు గప్‌చుప్ అయిపోయారు. బూట్ల చప్పుడు ఒక్కటే. నేను కూడా పక్కకి చూసుకుంటూ నడిచాను, సిగ్గు లేకుండా చెప్తున్నా. ఎక్కడో గాడిద మెడలో గంట మోగినట్టయింది. అది చర్చి గంటో, కయ్యలో పడవ గంటో తర్వాత ఆలోచిస్తే గానీ తేలలేదు. అప్పటికి మాత్రం అది గాడిదే. దాని వీపు మీద నూనె జాడీలున్నాయి. అది నా పక్కనించి వెళ్ళిపోయింది.

రోడ్డు చివర వదిన ఆగి, తల వంచి, "అన్నట్టు టీచరమ్మా, పిల్లలకి చలిగా ఉందేమో, తొందరగా కానిద్దామా?" అంది, మంచులో నిలబడ్డ ఒక పొడుగాటి ఆకారంతో.

ఆకారం పలకలేదు. జెమ్మా పకపకా నవ్వింది. "ఒండీనత్తా! అది టీచర్ కాదు, స్తంభం!"

పిల్లలందరూ విరగబడి నవ్వారు. ఒకడు వెళ్ళి స్తంభానికి "నమస్తే టీచర్" చెప్పాడు. ఇంకొకడు "ముక్కు చీదుకోండి టీచర్" అన్నాడు. టీచరమ్మ వెనకనుంచి "ఎవర్రా అది!" అని అరిచింది. వదిన కూడా నవ్వింది. నవ్వుతూనే కళ్ళద్దాలు తీసి, హా అని ఊది తుడుచుకుంది. నా చెయ్యి మాత్రం వదల్లేదు. నేను నవ్వలేదు. పిల్లలు హాస్యం అనుకున్నారు గానీ, ఆవిడకి నిజంగా కనపళ్ళేదు.

అక్కణ్ణుంచి పాత రేవుకి తీసుకెళ్ళింది. రేవంటే ఇప్పుడు గడ్డి మొలిచిన పల్లం. ఏరు ఏనాడో దారి మార్చుకుపోయింది. కానీ ఒడ్డు రాళ్ళు వరసగా ఉన్నాయి, పడవలు కట్టే కంతలున్నాయి. ఆ పూట ఆ పల్లం నిండా మంచు నిలిచి అచ్చం నీళ్ళలాగే ఉంది. పిల్లల్ని ఒడ్డున బోర్లా పడుకోబెట్టి, చెవి రాయికి ఆనించమంది.

"ఏం వినిపిస్తోంది?"

"నీళ్ళు" అన్నాడొకడు.

"ఎవరో తిడుతున్నారు" అంది జెమ్మా.

"తిట్టరా మరి! ఆలివ్ నూనె దించమంటే కూలీలు నిద్రపోతున్నారు. షావుకారు ఇంటి దగ్గర ఎదురుచూస్తున్నాడు. పదండి, ఆయన ఇంటికే వెళ్దాం."

నేనూ వంగి చెవి పెట్టాను. వయసొచ్చిన ఆడదాన్ని, ఏప్రన్‌తో, రాయికి చెవి పెట్టి! చల్లగా హోరుమంది. లేచేటప్పటికి నా కళ్ళ వెంట నీళ్ళు. చలికే అనుకున్నాను.

షావుకారు ఇంటి దగ్గర తుల్లియో నిలబడి ఉన్నాడు. ఒక పక్క ఇసుక గుట్ట, పార, తోపుడు బండి. రెండో పక్క నిండు బొక్కెన. అది చూడగానే వదిన కంటి అంచులోంచి నా వైపు ఒక చూపు చూసింది. నేను నేల చూశాను. అవును, చెప్పేశాను. నా నోట్లో నువ్వుగింజ నానదని తెలిసీ నాతో చెప్పింది, తప్పు నాదా? ముందు రోజు అన్నం దగ్గర చెప్పాను. ఆయన తింటున్న మొక్కజొన్న సంకటి పళ్ళెం పక్కకి నెట్టి, బయటికి వెళ్ళిపోయాడు.

"అక్కా, ఇవి బావినీళ్ళు కావు. కుళాయి నీళ్ళు. ఉప్పు లేదు" అన్నాడు తుల్లియో.

"ఏ నీళ్ళయితే ఏంరా? సాయంత్రం నువ్వు ఇసుక కప్పుతావు. రాత్రికి గడ్డ కడుతుంది. సందుల్లో తడి ఉంటే మంచుగడ్డయి రాళ్ళని లేపేస్తుంది. నాన్న చేసింది చాలదా?"

"ఒక్కసారికి ఏం కాదక్కా."

"నాన్న కూడా ప్రతిసారీ అదే అన్నాడు."

"నీ కోసం అక్కా!" ఆ మనిషి గొంతు అలా పగలడం పెళ్ళయిన ఇన్నేళ్ళలో నేను వినలేదు. "రేపు నీకు కనపడకపోతే? అప్పుడు నేను ఆ బాధతో రోజూ ఈ ఇసుక చుట్టూ తిరగాలి, తెలుసా?"

పిల్లలు నోళ్ళు వెళ్ళబెట్టి వింటున్నారు. టీచరమ్మ ముక్కు చీదడం ఆపేసింది. వదిన పెదాలు బిగించి నేల వైపు చూస్తోంది. బూడిద రంగు నేల. చేప ఎక్కడో, రొయ్య ఎక్కడో నాకే తెలియడం లేదు, ఇంక తనకేం తెలుస్తుంది! నాకు ఒళ్ళు మండిపోయింది. వాన మీద, పైకప్పు వాళ్ళ మీద, ట్రియెస్ట్ డాక్టరు మీద, అందరికన్నా ఈవిడ ఒట్టు మీద.

"పొయ్యనియ్యి వదినా! ఎవరు చూడొచ్చారు? నీ కళ్ళ కన్నా రాళ్ళెక్కువా?" అని అరిచాను.

"ఎక్కువ కాదే" అంది మెల్లగా. "కానీ నేను పోతాను. వీళ్ళ మనవలు వచ్చి చూడాలి." మళ్ళీ అద్దాలు తీసింది. ఊదింది. తుడిచింది. పెట్టుకుంది. మళ్ళీ తీసింది.

"ఒండీనత్తా, నీకు కనపడదా?" అంది జెమ్మా. ఆ పిల్ల గొంతు అంత చిన్నగా అవుతుందని నేననుకోలేదు.

"మసగ్గా ఉంటుంది తల్లీ."

జెమ్మా ఆ అద్దాల వైపు కాసేపు చూసింది. తర్వాత తాడు వదిలేసి, నేల అంచున బోర్లా పడుకుని, మొహం రాళ్ళకి ఆనేంత దగ్గర పెట్టి, హా... అని ఊదింది.

అరచేతంత మేర నేల మేలుకుంది. అక్కడ ఎర్రటి ముక్క ఉంది. రొయ్య మీసం.

"టీచర్! టీచర్! రంగు!" వేలంపాట గొంతు మళ్ళీ వచ్చేసింది. ఈలోపు ఆవిరి ఆరిపోయింది, మీసం మాయమైంది. అది మళ్ళీ ఊదింది, మీసం మళ్ళీ వచ్చింది. ఇంక చెప్పాలా? ఎవరూ చెప్పకుండానే పిల్లలందరూ చుట్టూ పడుకుని ఊదడం మొదలుపెట్టారు. హా, హా, హా. ఇక్కడో నీలం, అక్కడో పసుపు. ఒక తోక వచ్చి పోయింది. ఒక రెక్క వచ్చి పోయింది. మంచులో ఆ నేల ఊపిరి పీలుస్తున్నట్టుంది. టీచరమ్మ "బట్టలు, బట్టలు!" అంటూనే తనూ పడుకుంది.

నేను వదిన మొహంలోకి చూశాను. వద్దంటుందేమోనని భయమేసింది.

"అది ఆరిపోతుందిగా అక్కా" అన్నాడు తుల్లియో. "అద్దం మీదలాగే. ఇసుక వేసేదాకా కూడా ఉండదు."

వదిన నా భుజం మీద చెయ్యి వేసి మోకాళ్ళ మీదికి దిగింది. అక్కణ్ణుంచి పొట్ట మీదికి. మోకాళ్ళ నొప్పుల మనిషి!

"పచ్చకన్ను ఎక్కడుందో నాకు తెలుసు. ఇటు రండి. చేతులు పెట్టకండి, అంచునుంచే వంగండి. జెమ్మా, నా మొహం పక్కన. ఇంకొంచెం ఎడమకి. ఆ. అక్కడ."

పిల్లలు తలకాయలన్నీ ఒకచోట చేర్చి ఒక్కసారి ఊదారు. నేనూ ఊదాను. కాఫీ కంపు కొడుతూ, సిగ్గు లేకుండా, ఉన్న ఊపిరంతా ఊదాను. వదిన తల పక్కకి తిప్పింది. చూపు అంచున మిగిలిన ఆ కాస్త మేరలోకి ఆ చేపని తెచ్చుకుంది.

కన్ను లేచింది. కయ్యలో ఎండపడ్డ నాచు రంగు. దాని చుట్టూ బంగారు చుట్టు ఉందని మా ఊళ్ళో ఎవరూ నాకెప్పుడూ చెప్పలేదు, లేక చెప్పినా నేను వినలేదు. ఒక్క క్షణం అది వదిన వైపు చూసింది. తర్వాత బూడిదలోకి వెళ్ళిపోయింది.

"ఇంకోసారి" అంది వదిన.

ఊదాం.

"ఇంకోసారి."

పిల్లలకి తల తిరిగేదాకా ఊదాం. అవతలి పక్క తుల్లియో, అంత భారీ మనిషి, బోర్లా పడి ఆక్టోపస్ దగ్గర ఊదుతున్నాడు. దాని మిగిలిన చేతులన్నీ వంకాయ రంగులో లేస్తున్నాయి. వాళ్ళ నాన్న మెత్తిన సిమెంటు మీద కూడా ఊదాడు. అది మాత్రం బూడిదగానే ఉంది. మళ్ళీ మళ్ళీ అక్కడే ఊదుతున్నాడు.

"దాన్ని వదిలెయ్ రా తమ్ముడూ" అంది వదిన.

నేనూ జెమ్మా చెరో రెక్కా పట్టుకుని వదినని లేపాం. గడ్డం మీద దుమ్ము, కోటు ముందంతా దుమ్ము. తుల్లియో బొక్కెన తీసుకెళ్ళి దూరంగా గడ్డిలో పారబోశాడు. నీళ్ళ చప్పుడు విని వదిన తల ఊపింది.

"చూశాను. ఇంక కప్పెయ్" అంది.

పిల్లలు గుప్పెడేసి ఇసుక వేస్తామంటే వేయనిచ్చింది. జెమ్మా మాత్రం పచ్చకన్ను మీద వెయ్యనని మొండికేసింది. చివరికి అక్కడ వదినే వేసింది, చెయ్యి తడుముకోకుండా, సరిగ్గా ఆ చోటే.

తిరిగి వచ్చేటప్పటికి మంచు విడిపోతోంది. రేవు గడ్డి పల్లమైపోయింది, స్తంభం స్తంభమైపోయింది. గేటు దగ్గర వదిన ఆగి కళ్ళద్దాలు తీసింది. ఊదుతుందేమోనని చూశాను. ఊదలేదు. మడిచి నా ఏప్రన్ జేబులో వేసింది.

"ఇవి నీ దగ్గరుంచు పిల్లా. పిల్లలకి చాక్లెట్ పాలు పొయ్యి, ఊది ఊది నోళ్ళు ఎండిపోయాయి" అంది. నేను పోశాను.